నవ్వుల పట్టీలోకి ఎక్కని సినిమా

మా హుస్నాబాద్ నవ్వుల సినిమాల పట్టీ గురించి ఇన్నేళ్ళలో ఎవరెవరినో అడిగారు. నన్ను అడగలేదు. మొన్నీమధ్య కరీంనగర్ నుంచి ఒక పత్రికాయన వచ్చి సారును అడిగాడు, కంపౌండర్‌ను అడిగాడు, ఒకప్పుడు టాకీస్‌లో టికెట్లు చింపిన ముసలాయనను కూడా అడిగాడు. ఆయన బస్సు దిగి నడిచిన దారి మా గడప ముందు నుంచే పోతుంది. వారం తర్వాత జిల్లా పేజీలో పడింది. సారు, కంపౌండర్, టైలర్, మరొకరు కలిసి ఏటేటా నవ్వుల సినిమాల పట్టీ వేసేవారని రాశారు. ఆ మరొకరు నేనే.

పేపర్ పట్టుకుని సారు ఇంటికి వెళ్ళాను.

"నీ పేరు చెప్పిన్రా. గాయన రాసుకోలేదేమో," అన్నాడు.

"చెప్తే ఎందుకు రాసుకోడు సారూ?"

"ఏమో, పెన్నుల సిరా అయిపోయిందేమో. గింతదానికి పరేషాన్ ఎందుకు? చాయ్ తాగు."

నేను చాయ్ తాగలేదు. గింతదానికి కాదు నా బాధ. పట్టీలో ఉన్న సినిమాల గురించి వాళ్ళు చెప్పుకున్నారు, చెప్పుకోనీ. పట్టీలోకి రానివ్వని సినిమా ఒకటుంది. దాని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. దాన్ని ఆపింది ఒక్కడే మనిషి. వాడు బతికే ఉన్నాడు. ఎందుకు ఆపాడో నాకు ఇప్పటిదాకా చెప్పలేదు.

మేము నలుగురం. సారు ప్రైమరీ స్కూల్లో పాఠాలు చెప్పేవాడు. కంపౌండర్ సర్కారు దవాఖానలో మందులు కలిపేవాడు. టైలర్‌కు అంగడి దారిలో రేకుల పందిరి కింద కుట్టు మిషను ఉండేది. నేను కరెంటు స్తంభాలు ఎక్కేవాణ్ణి. సినిమా మధ్యలో కరెంటు పోతే హాలు హాలంతా నన్నే తిట్టేది, నేను వాళ్ళ మధ్యే బెంచీ మీద కూర్చుని ఉన్నా సరే. కరెంటు వచ్చినప్పుడు నన్ను మెచ్చుకున్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

డెబ్బైల మొదట్లో పడింది మాకు ఆ అలవాటు. ఉగాదినాడు పొద్దున ఊరంతా గుడి దగ్గర పంచాంగం వింటుంది. మధ్యాహ్నం మేము టాకీస్ ఎదురు హోటల్లో చేరి పట్టీ సవరించుకునేవాళ్ళం. పది సినిమాలు, పదీ నవ్వులవే. అసలు పేర్లు పలకకూడదని సారు కట్టడి పెట్టాడు. పేరు పలికితే పక్క బల్లమీది హీరో అభిమానులు వచ్చి మా మధ్య కూర్చుంటారు, ఇక ఆ రోజు తగాదాతోనే గడుస్తుంది. అందుకని గాడిద సినిమా, కవలల సినిమా, పిసినారి సినిమా అని అందులోని సంగతిని బట్టి పిలుచుకునేవాళ్ళం.

ఊరికే నచ్చింది అంటే చాలదు. దానికో పద్ధతి ఉండేది. సినిమా పడిన మొదటి ఆదివారం మ్యాటినీకి వెళ్ళాలి. మాలో ఒకడు కుడి జేబు నిండా చింతగింజలు పోసుకోవాలి. నేల, బెంచీ, కుర్చీ, వెనక ఆడవాళ్ళు, అందరూ ఒక్కసారే నవ్వితే ఒక గింజ ఎడమ జేబులోకి పోతుంది. సగం హాలు నవ్వితే గింజ కదలదు. లెక్కపెట్టేవాడు తెర చూడకూడదు. చూస్తే వాడూ నవ్వుతాడు, గింజ మరిచిపోతాడు. కళ్ళు మూసుకుని వినాలి.

మొదటిసారి ఎవరు లెక్కపెట్టాలా అని వచ్చినప్పుడు కంపౌండర్ నన్ను చూపించాడు.

"వీన్ని కూసోవెట్టుండ్రి. వీని మొకంల నవ్వు ఏడున్నది? పోతదనే ఫికర్ లేదు."

ముగ్గురూ నవ్వారు. ఆ ఒక్కసారికే కదా అనుకున్నాను. పట్టీ నడిచినంతకాలం నేనే లెక్కపెట్టాను. పది సినిమాలూ వాళ్ళు చూశారు. నేను విన్నాను.

లెక్క వచ్చాక వాదన. అది పొద్దుగూకేదాకా సాగేది.

"గాడిద సినిమ ముంగట ఏదీ నిలవడది. రెండు రోజులు కడుపు నొచ్చింది నాకు," అనేవాడు కంపౌండర్.

"నీ కడుపు నొచ్చింది సినిమతోని కాదు, నీ దవాఖాన గోలీలతోని," అనేవాడు టైలర్.

"కింద వడ్డోన్ని జూసి నవ్వుడు గూడ ఒక నవ్వా? మా ఒకటో తరగతి పోరగాండ్లు గూడ నవ్వుతరు. పిసినారి సినిమల ఎవ్వడు కింద పడలే, ఎవ్వడు దెబ్బ తినలే. ఉత్త మాటతోని నవ్విచ్చిండు. గదీ పనితనమంటె," అనేవాడు సారు.

"మీరు నవ్వంగ మేమెన్నడు జూసినం సారూ? మీసాల కింద నవ్వుకుంటె లెక్కల్కి రాదు," అనేవాడు కంపౌండర్.

"మీసాల కింద నవ్వేటిదే అసలు నవ్వు. పండ్లు గనపడేది ఇకిలిచ్చుడు."

నా వంతు వచ్చేసరికి "నువ్వేమంటవ్" అని ఎవరూ అడిగేవారు కాదు. "గింజలెన్ని?" అని అడిగేవారు.

చివరికి చాయ్ సాసర్లతో తీర్పు. ఔననేవాడు సాసర్ వెల్లకిల ఉంచాలి, కాదనేవాడు బోర్లించాలి. కింది తొమ్మిది స్థానాలకూ ముగ్గురు ఒప్పుకుంటే చాలు. మొదటి స్థానానికి మాత్రం నాలుగు సాసర్లూ వెల్లకిల ఉండాలి. ఒక్కటి బోర్లినా ఆ సినిమా పట్టీలోంచే పోతుంది, ఏ స్థానమూ దక్కదు. ఈ కట్టడి కూడా సారుదే. పై మెట్టు అడిగినవాడు కిందకు జారితే పడాల్సిందే అనేవాడు. అందుకని మొదటి స్థానానికి పోటీ పెట్టడానికి అందరూ భయపడేవారు. పిసినారి సినిమా ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయింది.

నేను పోటీ పెట్టాను. ఎందుకు పెట్టానో చెప్పాలంటే మా అన్న సంగతి చెప్పాలి.

మాది హుస్నాబాద్‌కు మూడు కోసుల దూరంలో పల్లె. నేను ఉద్యోగానికి ఊళ్ళో ఉన్నా, నన్ను కన్న అవ్వా బాపూ, అన్నా వ్యవసాయం మీదే ఉన్నారు. మా అన్నకు పనిమీద కన్నా మాటమీద ధ్యాస. వచ్చినవాళ్ళందరి గొంతులూ దించేవాడు. పట్వారీ దగ్గు, ఎడ్ల బేరగాడి నత్తి, మా బాపు కసురు, అన్నీ. బాపు పైకి కోప్పడుతూనే కండువా అడ్డం పెట్టుకుని నవ్వేవాడు. ఒక వానకాలం దున్నకం పాడైందన్న కోపంలో, అన్న అన్నం తింటుండగా బాపు ఒక మాట అన్నాడు.

"పన్జెయ్యనోనికి గింత తిండెందుకురా?"

అన్న కంచంలోనే చెయ్యి కడిగి లేచాడు. ఆ లేవడం లేవడం ఆదిలాబాద్ వైపు బొగ్గుబాయికి వెళ్ళిపోయాడు. రెండేళ్ళు రాలేదు. ఉత్తరం కూడా అవ్వ పేరున రాసేవాడు. ఆ తర్వాత పసిరికలు, అదే కామెర్లు, ముదిరి అక్కడే పోయాడు. కబురు అంది, బస్సులు మారి బాపు అక్కడికి చేరేసరికి తోటివాళ్ళు అంతా కానిచ్చేశారు. మొకం చూడలేదు.

ఆ తర్వాత మా బాపు నవ్వగా ఎవరూ చూడలేదు. ఇంకొకటి కూడా పోయింది. మా దిక్కు ఇంటికి ఎవరొచ్చినా ముందు "తిన్నవా?" అని అడుగుతారు. మా బాపు ఆ మాట అడగడం మానేశాడు.

డెబ్బై అయిదో, ఆరో, ఒక ఆదివారం. అంగడిలో ఎద్దును అమ్మడానికి బాపు హుస్నాబాద్ వచ్చాడు. బేరం కుదరలేదు. వాన పట్టుకుంది. ఎద్దును సరాయి దగ్గర కట్టేసి టైలర్ రేకుల కింద నిలబడ్డాడు. గింజలు జేబులో పోసుకుని నేనూ అక్కడికే వచ్చాను. ఆ రోజు ఒక కొత్త సినిమా. సారూ కంపౌండరూ ఊళ్ళో లేరు. నేనూ టైలరూ పోవాలి.

"కాకా, వాన ఎల్సేదాక గిట్ల నిలవడి ఏంజేస్తవ్? సినిమ జూద్దాం రా. మస్తు నవ్వుల సినిమ," అన్నాడు టైలర్.

బాపును పిలిచింది వాడే. నేను పిలవలేదు. ఇది గుర్తుంచుకోవాలి.

"నాకెందుకు బిడ్డా సినిమ," అన్నాడు బాపు.

"ఎందుకేంది కాకా, వాననే రమ్మంటున్నది. రా నడువ్."

బెంచీలో కూర్చున్నాం. గోడవైపు నేను, మధ్యలో బాపు, ఆ పక్కన టైలర్. దీపాలు ఆరాయి. నేను కళ్ళు మూసుకున్నాను.

సినిమా మామూలుదే అనిపించింది. గింజలు మెల్లగా కదిలాయి. విరామం తర్వాత ఒక చోట హాలు ఊగిపోయింది. నాకు వినపడినంత చెబుతాను. విస్తళ్ళు వేస్తున్న చప్పుడు. ఎవరో సాధువు దగ్గుతున్నాడు. ఆయనకు వడ్డిస్తున్న ఇంటి పెద్దాయన గొంతు: "మరికొంచెం పెట్టించుకోండి స్వామీ. మావాడైతే ఈపాటికి కుండ ఖాళీ చేసేవాడు!" హాలు విరగబడి నవ్వింది. మళ్ళీ "ఇంకొక్క ముద్ద" అన్నాడు. మళ్ళీ నవ్వారు. ఒకదానిలో ఒకటి కలిసిపోయిన ఆ నవ్వుల్ని ఒకటిగా లెక్కపెట్టాలా, మూడుగానా అని నేను తికమకపడుతున్నాను. అప్పుడు నా మోచేతికి బాపు ఒళ్ళు తగిలింది. ఊగుతోంది. భుజం నుంచి నడుము దాకా ఊగుతోంది. గొంతులోంచి ఏదో చప్పుడు వస్తోంది. ఆ హోరులో అది ఎలాంటి చప్పుడో తెలియలేదు.

బాపు నవ్వుతున్నాడనుకున్నాను. ఎన్నేళ్ళకు నవ్వాడు అనుకున్నాను. కళ్ళు తెరవబోయి ఆగాను. తెరిస్తే లెక్క పోతుంది. ఒక గింజ ఎడమ జేబులో వేశాను.

బయటికి వచ్చాక బాపు కండువా కొసతో కళ్ళు తుడుచుకున్నాడు. వాన తగ్గింది.

"ఎట్లున్నది బాపూ?"

"మంచిగనే ఉన్నది కొడుకా," అన్నాడు. టైలర్ బాపు వెంట సరాయి దాకా నడిచాడు, ఎద్దు పలుపు విప్పి చేతికిచ్చాడు. అది కూడా నేను చేయాల్సిన పని, వాడు చేశాడు.

ఆ చలికాలం మూడు రోజుల జ్వరంతో బాపు పోయాడు.

ఆ ఉగాదికి మా ఇంట్లో పండుగ లేదు. అయినా హోటల్‌కు వెళ్ళాను. సారు నోటుబుక్ తీశాడు. గడ్డం సినిమాను మొదటి స్థానానికి పెడుతున్నానని చెప్పాను. బాపుతో వెళ్ళిన ఆ సినిమాకు మేము పెట్టుకున్న పేరు అదే.

"గింజలు సగం గూడ రాలె గదరా దానికి," అన్నాడు కంపౌండర్. "గాడిద సినిమకు రెండు జేబులు సరిపోలె."

"మా బాపు నవ్విండు," అన్నాను.

సారు కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. మా బాపు సంగతి వాళ్ళందరికీ ఎరుకే.

"గింజల కట్టడి నేను పెట్టిందే గద. ఈ ఒక్కసారికి ఇడుస్తున్న," అన్నాడు సారు. ఆయన సాసర్ వెల్లకిల ఉంచాడు. కంపౌండర్ కూడా. నాది ఎలాగూ వెల్లకిలే. ఇక టైలర్. మిగతా ఇద్దరూ ఆ రోజు సినిమాకే రాలేదు. వీడు బాపు పక్కన కూర్చున్నవాడు. వీడి సాసర్ గురించి నాకు అనుమానమే లేదు.

వాడు చాయ్ సాసర్లో పోసుకుని మెల్లగా తాగాడు. తుడిచాడు. బోర్లించాడు.

"ఏందిరా గిది?" అన్నాను.

"గది నవ్వుల సినిమ కాదురా."

"మా బాపు నవ్విండంటున్న."

"ఇడువురా. వేరేదేదన్న పెట్టు, నాలుగు సార్లు వెల్లకిలేస్త."

"నువ్వు పక్కనే ఉంటివి. నవ్విండా లేదా, గా మాట చెప్పు సారుకు."

వాడు లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "కాకను హోటల్ల వెట్టి వాదిచ్చుకునుడు నాతోని గాదు," అని వెళ్ళిపోయాడు. నిజానికి వాదం పెట్టింది వాడే, సాసర్ తిప్పి.

నేను ఆ రోజు నుంచి వాడి దగ్గర బట్టలు కుట్టించుకోలేదు. వేములవాడ జాతరకు నలుగురం కలిసి పోవడం ఆగిపోయింది. రెండేళ్ళకు వాడు బామ్మర్ది బట్టల దుకాణం ఉందని భైంసా వెళ్ళిపోయాడు. బస్టాండ్‌కు నేను వెళ్ళలేదు. బస్సు ఎక్కేముందు వాడు మా ఇంటివైపు రెండుసార్లు చూశాడని కంపౌండర్ చెప్పాడు. చూస్తే ఏం, నోరుంది కదా, వచ్చి చెప్పవచ్చు కదా. మనిషి తక్కువయ్యాక పట్టీ కూడా కొన్నాళ్ళకు ఆగిపోయింది.

వాడికి కార్డులు రాశాను. ఏడాదికి ఒకటో రెండో, మొత్తం పదమూడు. మొదట్లో తిట్టు రాశాను. తర్వాత తిట్టు తగ్గి ప్రశ్న ఒక్కటే మిగిలింది. ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఎనభైల చివర్లో ఆ సినిమా మళ్ళీ కరీంనగర్‌లో పడింది. సెలవు పెట్టి వెళ్ళాను. పగటి ఆట, హాలు సగం ఖాళీ. ఈసారి జేబులో గింజలు లేవు, కళ్ళు తెరుచుకునే కూర్చున్నాను. ఆ సాధువు నిజం సాధువు కాదు. తండ్రితో పోట్లాడి ఇల్లు విడిచిన కొడుకు. ఆకలేసి, గడ్డం అంటించుకుని, సొంత ఇంటికే భోజనానికి వచ్చాడు. తండ్రి గుర్తుపట్టడు. కొసరి కొసరి వడ్డిస్తాడు. ఊడిపోతున్న గడ్డాన్ని కొడుకు ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో తింటుంటాడు. ఆ తినడం చూసి హాలు నవ్వుతుంది.

నా ముందు వరుసలో ఇద్దరు చప్పట్లు కొట్టి నవ్వారు. నేను తండ్రి చేతిలోని గరిటెను చూస్తూ కూర్చున్నాను. మా బాపు ఆ రోజు ఏం చూశాడో నాకు అప్పుడు తెలిసింది. చూసి ఏం చేశాడో మాత్రం తెలియలేదు. నవ్వినా ఒళ్ళు అలాగే ఊగుతుంది, ఏడ్చినా అలాగే ఊగుతుంది. నవ్వితే, పోయేముందు నేను నా తండ్రికి ఒక మధ్యాహ్నం ఇచ్చినట్టు. ఏడిస్తే, కన్నతండ్రి పక్కన ఏడుస్తుంటే నేను కళ్ళు మూసుకుని పరాయివాళ్ళ నవ్వులు లెక్కపెట్టినట్టు. ఈ రెండిట్లో ఏది చేశానో తెలియకుండా నేను బతుకుతున్నాను.

భైంసా వెళ్ళాను. పత్తి అమ్మే రోజులు, బజారంతా బళ్ళు, గాలిలో దూది. వాడు దుకాణం అరుగు మీద మిషను ముందర కూర్చుని ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. వాడి భార్య "బసా, బసా" అని మరాఠీలో కూర్చోమంది.

"లావైనవ్ గదరా. పాత కొలత పనికి రాదు నీకు," అన్నాడు వాడు.

"కొలతియ్యనీకి రాలె."

"ఎరుకే. పదమూడు కార్డులు ఉన్నయి, డబ్బాల వెట్టిన."

"ఒక్కదానికి జవాబు రాయలె."

"జొన్నరొట్టె తిను ముందుగాల."

"నువ్వు జూసినవా?"

వాడు పెడల్ ఆపాడు. సూదిలో ఉన్న దారాన్నే మళ్ళీ తీసి మళ్ళీ ఎక్కించాడు.

"జూసిన. కాక మొకం దిక్కే జూస్తున్న. నవ్వుతడేమోనని తోల్కపోతిని గద."

"నవ్విండా, ఏడ్చిండా?"

"నీకేమనిపిచ్చింది?"

"నేను కండ్లు మూసుకున్న."

"మంచిగ జేసినవ్. గట్లనే ఉండనీయ్‌రా."

"మా బాపు ఆయన. నీ బాపు కాదు."

"నాకు కాకనే గదరా," అన్నాడు. ఇక ఎంత గట్టిగా అడిగినా నోరు విప్పలేదు. భార్య రొట్టె పెట్టింది. తిన్నాను. సాయంత్రం నిర్మల్ బస్సు ఎక్కించి, కిటికీ కింద నిలబడి, బస్సు కదిలేదాకా నా చెయ్యి వదలలేదు. చెయ్యి పట్టుకోవడం జవాబు కాదు.

వాడు అలా చెప్పకుండా దాటేశాడంటే అర్థం ఏమిటో నీకు తెలియదా అంటాడు సారు. తెలియదు. తెలిసినట్టు ఊహించుకోను. నవ్వాడంటే ఒక్క మాటతో పోయేది. ఏడ్చి ఉంటే, పోనీ, నవ్వాడని అబద్ధం చెప్పవచ్చు. వాడు జీవితమంతా రవికలు రేపిస్తానని, ఎల్లుండిస్తానని ఊరి ఆడవాళ్ళందరికీ అబద్ధాలు చెప్పినవాడు. నా ఒక్కడికి ఒక్క అబద్ధం చెప్పలేకపోయాడు.

ఇప్పుడు నేను రిటైరయ్యాను. వాడికి చూపు తగ్గిందనీ, మిషను మీద కొడుకు కూర్చుంటున్నాడనీ విన్నాను. ఇది వాడికి ఎవరైనా చదివి వినిపిస్తారు. ఒరేయ్ టైలరూ, నిన్నే అడుగుతున్నాను. పట్టీ వద్దు నాకు, మొదటి స్థానం వద్దు. పేపర్‌లో మరొకరు అని రాసినా రాసుకోనీ. ఆ రోజు మా బాపు మొకాన్ని చూసినవాడు ఈ భూమ్మీద నువ్వు ఒక్కడివే. నువ్వు కూడా పోతే నేను ఎవరిని అడగాలి? నా మనసు నొచ్చుకుంటుందని ఇరవై ఏళ్ళు దాచావు, నొచ్చిందేదో అప్పటినుంచీ నొస్తూనే ఉంది. కొడుకుతో ఒక్క ముక్క రాయించు. ఏదైనా సరే, వింటాను.

చెప్పురా. నవ్విండా, ఏడ్చిండా?